స్కూల్ స్టాఫ్‌కి నెలనెలా ఫిట్‌నెస్ ఛాలెంజ్: రెండో వారానికే అందరూ జారుకుంటున్నారు, ఏం చేయాలి?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాయగడ దగ్గర బడి, పంతొమ్మిది మంది స్టాఫ్. సరదాగా నెలకో ఫిట్‌నెస్ పోటీ పెట్టుకుందామనుకున్నారు. మొదటి వారం ఎక్కడలేని హుషారు, రెండో వారానికి నలుగురే మిగిలారు. ఆ నలుగురిలో ముగ్గురు ముందునుంచీ వ్యాయామం అలవాటున్నవాళ్లే. వంటవాళ్లను, ఆఫీసువాళ్లను ఎలా కలుపుకోవాలి, బహుమతికి డబ్బులు వసూలు చేయాలా వద్దా అని కూడా అడిగారు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వంటవాళ్లు, ప్యూన్లతో కలిపి ఇరవై ఆరుగురం. సగం మంది ఇళ్లలో తెలుగు, ఇద్దరు సవరలు, మిగతావాళ్ల ఇళ్లలో ఒడియా. మూడేళ్లుగా ఈ పోటీలు నడుపుతున్నాం. మొదటి రెండు నెలలు మీకు జరిగిందే మాకూ జరిగింది. ఇంకా చెప్పాలంటే మాది మరీ ఘోరం.

మొదటి నెల అందరూ పెట్టేదే పెట్టాం. రోజుకు పదివేల అడుగులు, నెలాఖరుకు ఎవరివి ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. పది రోజులు తిరిగేసరికి మా సోషల్ సార్ రోజుకు 22,000 చూపిస్తున్నారు. ఆయన స్కూటర్ దిగి మేడమీది క్లాసుకు వెళ్లడానికే ఆపసోపాలు పడే మనిషి. అడిగితే "పొద్దున్నే లేస్తున్నానండీ" అనేవారు. ఓ రోజు ఏడో తరగతి గుంటడు స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి "సార్, ఈవేళ కూడా మీ ఫోన్ జేబులో పెట్టుకుని ఆడాలా?" అని అడిగేశాడు. సంగతేమిటంటే ఆటల పీరియడ్లో వాడు కబడ్డీ ఆడుతుంటే సార్ అడుగులు పెరుగుతున్నాయి. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం, ఆయనతో సహా. కానీ ఆ మధ్యాహ్నంతో పోటీ అయిపోయింది. నిజంగా నడుస్తున్నవాళ్లకు కూడా ఉత్సాహం పోయింది.

ఇంతా చేసి ఆ పదివేలు డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి, దానికి 'మాన్పోకెయ్' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. పేరు అమ్ముడుపోయింది, అంకె నిలిచిపోయింది. 2019లో అమెరికాలో వయసు మళ్లిన స్త్రీల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువని తేలింది. ఆ లాభం 7,500 దగ్గర ఆగిపోయింది, ఆపైన నడిచినా పెద్దగా తేడా కనబడలేదు. రిటైర్‌మెంటుకు దగ్గరపడినవాళ్లున్న స్టాఫ్‌రూంలో పదివేలని గోడమీద రాస్తే సగం మంది ఆ అంకె చూసే మానేస్తారు.

రెండో పొరపాటు పూర్తిగా నాదే. బరువు తగ్గే పోటీ. ఇంటినుంచి బరువు చూసే మిషను తెచ్చి స్టాఫ్‌రూంలో పెట్టాను. ఎవరి బరువు ఎంతో అందరికీ తెలిసిపోవడం మొదటి తప్పు, ఆడవాళ్లు ఆ గదిలోకి రావడమే తగ్గించేశారు. మూడో వారంలో ఒక మేడమ్, షుగర్‌కు మాత్రలు వేసుకునే మనిషి, మధ్యాహ్నం భోజనం మానేశారు. మాత్ర మాత్రం మానలేదు. చివరి పీరియడ్లో బోర్డుకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయారు. పిల్లలు పరిగెత్తుకొచ్చి చెబితే గ్లూకోజు కలిపి తాగించాం, పది నిమిషాల్లో తేరుకున్నారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా కష్టమనిపించింది. ఆ సాయంత్రం మిషను ఇంటికి పట్టుకుపోయాను. కాబట్టి మాస్టారూ, బరువు, నడుం కొలత, ఉపవాసం, ఈ మూడూ పోటీలో పెట్టకండి. షుగర్‌కు, బీపీకి మందులు వాడేవాళ్లు ఏది మొదలుపెట్టినా ముందు వాళ్ల డాక్టర్ని అడగాలి. గుంపులో పరువుకోసం మనుషులు ఏ పనైనా చేస్తారు.

తర్వాత మూడో నెల ఏమీ పెట్టలేదు. నాలుగో నెలలో పద్ధతి మార్చాం. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఎంత చేశారన్నది లెక్కపెట్టం. చేశారా లేదా, అంతే. నెలకో అంశం. ఆ అంశంలో తనకు వీలైన చిన్న పని ఎవరికి వారు ఎంచుకుని మొదటి రోజే చెప్పేయాలి. ఒకరికి అరగంట నడక, ఒకరికి మేడమెట్లు రోజుకు నాలుగుసార్లు, మోకాళ్ల నొప్పులున్న దీదీకి కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి దించడం. చేసిన రోజు చార్టులో గడి నిండుతుంది. అరగంట నడిచినవారికీ, కాళ్లు చాపినవారికీ ఒకటే గడి. నెలకు 20 గడులు నిండితే పాస్. ఆదివారాలు, జ్వరాలు, ఇంట్లో పెళ్లిళ్లు అన్నీ మిగిలిన రోజుల్లో సర్దుకుపోతాయి. ఒక రోజు తప్పగానే "ఇంకేముందిలే" అని వదిలేసే అలవాటు దీంతో చాలావరకు పోయింది.

చార్టు ఫోన్లో పెట్టకండి. మా డ్రాయింగ్ సార్ తెల్ల డ్రాయింగ్ షీటు మీద స్కేలుతో గీసి, చాక్‌పీసు డబ్బాలుండే బీరువా పక్కన అంటించారు. చాక్‌పీసుకు ఎలాగూ అందరూ అక్కడికి రావాలి. పేర్లు తెలుగులో రాయాలా ఒడియాలో రాయాలా అని కాసేపు నడిచింది. చివరికి రెండింటిలోనూ రాశారు.

ఇక వంటవాళ్ల సంగతి. మా వంట అక్కను మొదట్లో పిలవనే లేదు, సిగ్గుపడాల్సిన విషయమే. పిలిచినప్పుడు ఆవిడ నవ్వింది. "ఊరి చివరనుంచి నడిచొస్తాను, బిందెలు మోస్తాను, ఇంత గుండిగ దించుతాను. నాకు మళ్లీ నడకేటి బాబూ?" అంది. నిజమే కదా. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవిడకు ఆ లెక్క బుధవారానికే తీరిపోతుంది. ఆవిడకు కావలసింది విశ్రాంతి. అందుకని ఆవిడ గడి ఏమిటంటే, పిల్లలు తిని వెళ్లాక గిన్నెల దగ్గరికి పోకముందు పదిహేను నిమిషాలు కూర్చుని తాను వేడిగా తినడం, తర్వాత నడుం వెనక్కి వంచి సాగదీసుకోవడం. "ఇదీ పోటీయేనా?" అని రెండు రోజులు నమ్మలేదు.

ఆవిడకు చదువు రాదు. తన వరస ఏదో డ్రాయింగ్ సార్ చూపించారు. మూడోరోజు చూస్తే ఆ గడిలో పెన్ను గీత లేదు, ఎర్ర బొట్టుబిళ్ల ఉంది! నుదుటిది తీసి అంటించేసింది. మర్నాడు సంస్కృతం మేడమ్ కూడా బొట్టుబిళ్లే అంటించారు. నెలాఖరుకు ఆడవాళ్ల వరసలన్నీ మెరూన్, ఎరుపు, నలుపు, ఒకటి రెండు రాళ్లవి కూడా. మగవాళ్ల టిక్కులు దానిముందు వెలవెలబోయాయి. మా హెడ్మాస్టరు గారు ఇన్స్పెక్షన్‌కు వచ్చినవారికి హాజరు పట్టీ కన్నా ముందు ఆ చార్టే చూపించారు.

చీటీలు వేసి అయిదు జట్లు చేస్తాం. ప్రతి జట్టులో ఒక వంటమనిషో ప్యూనో ఆఫీసువారో, ఒక కుర్రవాడు, రిటైర్‌మెంటుకు దగ్గరున్నవారు ఒకరు తప్పనిసరి. అన్ని జట్లలో ఒకే సంఖ్య రాదు కాబట్టి మొత్తం కాకుండా సగటు తీస్తాం. లెక్కల మాస్టారిని కదా, అక్కడ మాత్రం తగ్గను. ఇలా చేశాక జిమ్‌కు వెళ్లే మా పీఈటీ సార్‌కు ప్రత్యేక లాభమేమీ లేదు. గెలవాలంటే పక్కవారి చేత గడి నింపించాలి.

డబ్బు వసూలు చేయకండి. మేము ఒకసారి తలా యాభై వేసుకున్నాం. గెలిచినవారికి ఇచ్చిన ఫ్లాస్కు గురించి ఆర్నెల్లు మాటలు నడిచాయి. ఇప్పుడు బహుమతికి పైసా ఖర్చు లేదు. గెలిచిన జట్టుకు వారం రోజులు అరేంజ్‌మెంట్ పీరియడ్లు ఉండవు. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకు హెడ్మాస్టరు గారో ఓడినవాళ్లో వెళ్లాలి. టీచరుకు ఇంతకన్నా తియ్యని బహుమతి ఉంటుందా? ఖాళీ పీరియడ్లో టీ తాగబోతుండగా ప్యూన్ అరేంజ్‌మెంట్ రిజిస్టరు పట్టుకుని రావడం మనందరికీ తెలిసిందే. ఆ వారం అతను మన పక్కనుంచి వెళ్లిపోతాడు!

వంట అక్క జట్టు గెలిచినప్పుడు మరి ఆవిడకు పీరియడ్లు లేవు కదా. ఆ వారం వడ్డన టీచర్లకు వచ్చింది. నేను డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) గరిటె పట్టాను. పిల్లలు "ఇంకొంచెం సార్" అంటే కాదనలేక మొదటి రెండు బంతులకే ధారాళంగా పోసేశాను. ఎనిమిదో తరగతి వచ్చేసరికి గుండిగ అడుగున పప్పు నీళ్లు, రెండు బొప్పాయి ముక్కలు. ఆవిడ గోడకానుకుని కూర్చుని చూస్తోంది. ఏమీ అనలేదు. లేచి వెళ్లి, ముందే వేరే తీసి దాచిన చిన్న తపేలా తెచ్చింది.

అంశాల విషయం క్లుప్తంగా చెబుతాను, మీ ఊరి వాతావరణాన్ని బట్టి మార్చుకోండి. మా ఏడాది ఆగస్టు 29న మొదలవుతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1880లో ముప్పై రూపాయల జీతంతో బడిపంతులుగా చేరిన ఊరు మాది. ఆయన పుట్టినరోజు అది, తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ పుట్టినదీ ఆ తేదీనే, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం. 2019లో కేంద్ర ప్రభుత్వం వారి ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైందీ ఆ రోజే. పీఈటీ సార్‌కూ తెలుగు సార్‌కూ తేదీ దగ్గర గొడవ లేదు. వానల్లో మెట్లు, వరండా నడక. కార్తీకంలో మా దీదీ ఒకరు హబిషా (ఒడియావాళ్ల కార్తీక ఒంటిపూట వ్రతం) పాటిస్తారు, తెలుగువాళ్లకు సోమవారాలుంటాయి. ఆ నెల సాగదీసుకోవడం తప్ప ఏమీ పెట్టం. జనవరిలో ఒక ఆదివారం అందరం కలిసి సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నీలమణి దుర్గ గుడిదాకా నడుస్తాం. రాష్ట్రం దాటి నడిచొచ్చామని వారం రోజులు చెప్పుకుంటాం! పేపర్లు దిద్దే నెలలో మెడ, భుజాలు. ఏప్రిల్లో బడి పొద్దుటిపూటకు మారుతుంది, ఎండలు మండుతుంటాయి, అప్పుడు నిద్ర, మంచినీళ్లు మాత్రమే.

తేడా తెలియాలి అనేవాళ్ల కోసం ఒకే ఒక్క పరీక్ష ఉంది. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీమీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. 60 నుంచి 64 ఏళ్ల మగవారికి 14 కన్నా, ఆడవారికి 12 కన్నా తక్కువ వస్తే సగటుకు తక్కువని లెక్క. ఎవరి అంకె వారి డైరీలోనే, చార్టు ఎక్కదు. మా హెడ్మాస్టరు గారికి యాభై తొమ్మిది. మొదటిసారి 11 వచ్చింది. మాట్లాడకుండా వెళ్లిపోయారు. తర్వాత రోజూ ప్రార్థనకు ముందు ఆయన గది తలుపు మూసి ఉంటోంది, లోపల కుర్చీ కిర్రుమంటోంది అని ప్యూన్ చెప్పాడు. జనవరిలో 15 వచ్చిందని మాత్రం ఆయనే స్వయంగా అందరికీ చెప్పారు.

వాట్సాప్ గ్రూపు పెట్టాల్సిందే అంటే శనివారం చార్టు ఫోటో ఒక్కటి పెట్టండి, చాలు. అడుగుల స్క్రీన్‌షాట్లకు దారి ఇచ్చారో, మళ్లీ మొదటికొస్తారు.

మీ దగ్గర మిగిలిన నలుగురితోనే వచ్చే నెల మొదలుపెట్టండి. కాకపోతే ఆ ముగ్గురు వ్యాయామం మనుషుల్ని మూడు జట్లలో వేయండి. మిగతావాళ్లను బతిమాలకండి, చార్టు కళ్లబడే చోట ఉంటే చాలు. మాకు దాదాపు అందరూ రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ ఇద్దరు రారు. వాళ్లనేమీ అనం.

చార్టు బాధ్యత ఇప్పుడు ఎవరిదనుకున్నారు? సోషల్ సార్‌ది. దొంగచేతికి తాళాలిచ్చామని మొదట నవ్వుకున్నాం గానీ, ఆయనంత ఖచ్చితంగా ఇంకెవరూ చూడరు. ఆ కబడ్డీ గుంటడు ఇప్పుడు పదో తరగతి. వరండాలో సార్ ఎదురుపడితే, ఇప్పటికీ జేబు తెరిచి చూపిస్తాడు.