వడ్ల బస్తాల్లో చిలకలు లేస్తున్నాయి, బిళ్ళలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరండి, ఎకరంన్నర పొలం. డిసెంబర్లో మిషన్ కోత కోయించి అమ్మగా మిగిలిన 8 బస్తాలు తిండికి ఉంచుకున్నాం. ఇప్పుడు మార్చిలో గది తలుపు తీస్తే చాలు చిన్న చిన్న చిలకలు (రెక్కల పురుగులు) మొహం మీదకి లేస్తున్నాయి, బస్తాలో చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా ఉంటోంది. పక్కింటోళ్ళు బస్తాకో పురుగుల మందు బిళ్ళ పడెయ్యమంటున్నారు. ఆ పక్క గదిలోనే పిల్లలతో పడుకుంటాం. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు బిళ్ళ సంగతి. వద్దమ్మా. అది అల్యూమినియం ఫాస్ఫైడ్, గాల్లో తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ గ్యాస్ వదులుతుంది, తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పోతుంది, అలా నిద్రలోనే ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. గోదాముల్లో తెలిసినవాళ్ళు సీల్ చేసి వాడాల్సిన సరుకది. ఇప్పటికే తెచ్చుకునుంటే డబ్బా విప్పకండి, తడి తగలనివ్వకండి, అమ్మిన షాపులోనే తిరిగిచ్చెయ్యండి.

ఇక అసలు తప్పు ఎక్కడంటే, మనోళ్ళందరికీ 17 అనే నంబరు బుర్రలో పడిపోయింది. అది కొనుగోలు కేంద్రంలో తీసుకునే తేమ శాతం, అంటే అమ్మకానికి సరిపోతుంది, ఇంట్లో నెలల తరబడి ఉంచడానికి కాదు. దాచుకునే వడ్లు 14 లోపుకి రావాలి, విత్తనానికైతే 12, 13. మిషన్ కోతలో వడ్లు 20 పైన తేమతోనే దిగుతాయి కదా, రెండెండలు చూపించి బస్తాకెత్తేస్తే లోపల వేడెక్కడం ఖాయం. ఇంకా ఆరబెడితే తూకం తగ్గిపోద్దని భయం, 75 కిలోల బస్తా 17 నుంచి 14కి వస్తే రెండున్నర కిలోలు తగ్గుద్ది, నిజమే, కానీ పోయింది నీళ్ళేగా!

తేమ మిషన్ లేకపోతే పొడి గాజు సీసాలో గుప్పెడు వడ్లు, బాగా ఎండిన ఉప్పు కొంచెం వేసి ఊపి కాసేపు వదిలెయ్యండి, ఉప్పు గాజుకి అంటుకుంటే ఇంకా ఎండాలన్నమాట.

ఇప్పుడైతే బస్తాలన్నీ బయటికి లాగి వడ్లు ఎండలో బరకాల మీద రెండంగుళాల మందాన పరిచి గంటకోసారి కలియబెట్టండి. ఎగిరే చిలకలు పోతాయిగానీ గింజ లోపలున్న వాటి పిల్ల పురుగులు అన్నీ చావవు, అసలా నష్టం చేసేవే అవి, పైకి గింజ బాగానే కనిపిస్తుంది. ఒక్కో బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి నీళ్ళల్లో వేసి చూడండి, తేలేవి ఎక్కువున్న బస్తాని ముందు మిల్లుకి పంపించెయ్యండి. బాగున్నవి చల్లారాకే ఎత్తండి, వేడిగా కడితే లోపల చెమట పడుతుంది. పాత గోనెల్లో గుడ్లుంటాయి, మరిగే నీళ్ళలో ముంచి ఎండబెట్టాకే వాడండి. అడుగున చెక్కలేసి గోడకి జానెడు ఎడంగా పెట్టండి.

గాలి చొరబడని ప్లాస్టిక్ లైనర్ సంచులు దొరికితే ఇంకా మంచిది, అందులో ఉన్న గాలి పురుగే పీల్చేసుకుని రెండు మూడు వారాల్లో ఊపిరాడక చస్తుంది. తడి వడ్లు మాత్రం అందులో కట్టొద్దు, బూజు పడతాయి. కట్టాక మాటిమాటికీ విప్పితే ఆ పని జరగదు, అందుకని రోజూ తిండికి తీసే బస్తా ఒకటి వేరుగా పెట్టుకోండి.