వాన నీరు రోడ్డుపై పడగానే గడ్డకడితే ప్రయాణం ఎందుకంత ప్రమాదకరం?

మంచు కురిస్తే తెల్లగా కనిపిస్తుంది, డ్రైవరు జాగ్రత్తపడతాడు. గడ్డకట్టే వాన అలా కాదు. నేల దగ్గరి చలిగాలిలో సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా నీరుగానే ఉన్న చినుకులు, రోడ్డును తాకగానే గడ్డకడతాయి. ఆ పలుచని పొర కింద తారు నల్లగా కనిపిస్తుంటే తడి రోడ్డే అనుకుంటాం. వంతెనలు, ఫ్లైఓవర్లు మరీ ప్రమాదం: కింది నుంచి కూడా చలిగాలి తగిలి ముందుగా అవే గడ్డకడతాయి. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఇలాంటి రోడ్డు మీదే 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు మరణించారు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, అలాంటి రోజు బయలుదేరకండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్న ధీమా వద్దు. అది బండి కదలడానికి సాయపడుతుంది గానీ ఆగడానికి కాదు. దారిలో చిక్కుకుంటే బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీయండి.