కథ బుర్రలో రెడీ, కాగితం మీద మాత్రం సున్నా

ప్రశ్న: సార్, నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్నాను. మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో జరిగిన చేపల చెరువు వేలం పాట మీద ఒక కథ మొత్తం బుర్రలో ఉంది. ఫ్రెండ్స్‌కి చెబితే అదిరిందన్నారు. రాద్దామని కూర్చుంటే మాత్రం మొదటి పేరా కొట్టేసి మళ్లీ రాయడం, లేదంటే లేచి గది సర్దుకోవడం. దీపావళి పోటీ గడువు అలాగే దాటిపోయింది, సంక్రాంతి పోటీ కూడా దాటేలా ఉంది. నాది బద్ధకమా, అసలు నాకు రాయడమే చేతకాదా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బద్ధకమైతే గది ఎందుకు సర్దుతావమ్మా? బద్ధకం ఉన్నవాళ్లు మంచం దిగరు. నువ్వు పని చేస్తూనే ఉన్నావు, ఆ ఒక్క పని తప్ప.

వాయిదా వేయడం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన టిమోతీ పిచిల్, ఫ్యూషియా సిరోయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పేదేమిటంటే, ఇది టైమ్ చాలక వచ్చే సమస్య కాదు, ఆ పని దగ్గరకి వెళ్లగానే కలిగే ఇబ్బందిని తప్పించుకోవడం. లేచి వెళ్లిపోగానే హాయిగా ఉంటుంది, ఆ హాయికి అలవాటు పడతాం. నీ విషయంలో ఆ ఇబ్బంది ఏమిటో ఉత్తరంలోనే ఉంది. బుర్రలో కథ బ్రహ్మాండంగా ఉంది, కాగితం మీద పడ్డ మొదటి వాక్యం అంత బాగా లేదు, పైగా ఫ్రెండ్స్ అదిరిందని చెప్పేశారు కాబట్టి ఇప్పుడు అది అదరాల్సిందే. రాయకముందే మెప్పు వచ్చేస్తే వచ్చే చిక్కే ఇది, టెన్షన్ మిగులుతుంది, చెప్పాలన్న దురద తీరిపోతుంది.

అందుకని ముందు ఫ్రెండ్స్‌కి చెప్పడం ఆపు. కానీ నీకు చెప్పడం వచ్చు, దాన్ని వదులుకోకు. అదే కథ ఫోన్ రికార్డర్‌కి చెప్పు. వేలం పాటలో ఎవరు ఎంత పెంచారు, ఎవరు మొహం మాడ్చుకున్నారు, నాయనమ్మ ఏమంది, అన్నీ. తర్వాత విని రాసుకో. అదే చిత్తుప్రతి. మొదటి పేరా జోలికి అసలు పోవద్దు, నేరుగా పాట మొదలైన చోటి నుంచి రాయి, ఎత్తుగడ సంగతి కథంతా అయ్యాక చూసుకోవచ్చు. కోచింగ్‌లో ఇచ్చిన పేపర్ల వెనకవైపు చేత్తో రాస్తే ఇంకా మంచిది, ఎలాగూ చిత్తు కాగితమే కాబట్టి భయం ఉండదు.

మొదటిసారే గొప్పగా రావాలనుకుంటే గురజాడని చూడు. ‘కన్యాశుల్కం’ 1892లో నాటకంగా ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చింది. ఆయన అక్కడితో ఊరుకోలేదు, దాన్ని బాగా పెంచి, మార్చి, తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. ఇవాళ మనం చదువుకుని మురిసిపోయేది ఆ రెండోదాన్నే. 1897 నాటిది ఆయన బుర్రలోనే ఉండిపోయి ఉంటే తిరగరాయడానికి ఏముండేది?

ఇక టైమ్. ‘రేపటి నుంచి రాస్తాను’ అనేది ప్లాన్ కాదు. ‘కోచింగ్ నుంచి వచ్చి టీ తాగగానే, మేడ మీద, ఇరవై ఐదు నిమిషాలు’ అనేది ప్లాన్. ఎప్పుడు, ఎక్కడ అని ముందే తేల్చుకున్నవాళ్లు పని మొదలుపెట్టే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ పోస్టల్ శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున ఐదున్నరకి కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాల లెక్కన రాసేవాడట. ఆ లెక్క నీకొద్దు, మనిషి మరీ మిల్లు. పావుగంటకి నాలుగు వాక్యాలు వచ్చినా చాలు.

పోటీ గడువుని నీ గడువుగా పెట్టుకోవద్దు. కనీసం రెండు వారాల ముందే చిత్తుప్రతి అయిపోవాలి, తిరగరాయడం, టైపింగ్, కథ సొంతమేనన్న హామీపత్రం, ఇవన్నీ ఉంటాయి. పోటీ తప్పిపోయినా కొంప మునగదు, మామూలు రోజుల్లోనూ పత్రికలు కథలు వేసుకుంటాయి. మరో మాట, నీ బ్యాంకు పరీక్ష దగ్గర్లో ఉంటే కథని పక్కన పెట్టడంలో తప్పేం లేదు. పరీక్ష అయిన మర్నాడు మొదలుపెడతానని తేదీ రాసుకుని పక్కన పెట్టు, అంతే.

చేతవునా కాదా అన్నది ఇప్పుడే నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. పూర్తయిన కథ ఒక్కటైనా చేతిలో ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు, అది చెత్తగా ఉన్నా సరే.

ప్రశ్న: రాద్దామని కూర్చుంటే ఫోన్ లాగేస్తోంది. దృష్టి నిలవడానికి మంచి యాప్ ఏదైనా చెప్పండి.
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: యాప్ వెతకడానికి ఫోన్ తీస్తే ఆ సాయంత్రం కూడా పోయినట్టే. ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టి తలుపేసుకోండి. పై అమ్మాయికి రికార్డర్ వాడమన్నాను కదా అంటారేమో, అది ఫ్లైట్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది.