పెన్నా బ్రిడ్జి వచ్చేదాకా

అబ్బయ్యా,

నీ మెయిల్ చూశా. కంపెనీ వాళ్ళు మూడు నెలలు ఇంటి నుంచే పని చేసుకోమన్నారని, బెంగళూరు ట్రాఫిక్‌లో పోయే మూడు గంటలూ రోజూ మిగులుతున్నాయని, ఈ దెబ్బతో నవల అయిపోవాల్సిందేనని రాశావు. బాగుంది. కానీ నువ్వు కందుకూరు వచ్చి ఇరవై రోజులైంది, నాకు పంపింది మళ్ళీ ఆ మొదటి అధ్యాయమే, నాలుగోసారి. ఈసారి వాన తీసేసి ఎండ పెట్టావు, అంతే తేడా.

తిట్టడానికి కాదులే. నేనూ ఇదే వెలగబెట్టాను గనక చెప్తున్నా.

నా మొదటి నవల రైల్లో రాశాను. కావలి నుంచి నెల్లూరు ఆఫీసుకి పొద్దున పాసింజరు, గంట పైనే పట్టేది. సీటు దొరికితే ఒళ్ళో నోటుబుక్కు, దొరక్కపోతే తలుపు పక్కన ఆనుకుని. బిట్రగుంట దాకా జనం సర్దుకోవడంతోనే సరిపోయేది, అల్లూరు రోడ్డు దగ్గర్నుంచి పెన్ను కదిలేది, పడుగుపాడు వచ్చిందంటే ఇక టైమ్ లేదని చెయ్యి పరుగెత్తేది. రైలు ధడధడమంటూ పెన్నా బ్రిడ్జి ఎక్కగానే పుస్తకం మూసేయడమే, వాక్యం అయినా కాకున్నా. ఒకరోజు "సుబ్బులు తలుపు తీసి చూస్తే" దగ్గర ఆగిపోయింది. ఆఫీసులో ఫైళ్ళు తిప్పుతున్నంతసేపూ తలుపవతల ఎవరున్నారా అనే మనసులో తిరుగుతుంది. మర్నాడు బిట్రగుంట కూడా రాకముందే రాయడం మొదలుపెట్టా. అట్లా రెండేళ్ళలో నవల అయింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి ఆఫీసు మూసేస్తే, బయటికి అనకూడదుగానీ, లోపల సంబరపడ్డా. రోజంతా నాదే గదా అని. పాత బల్ల ఒకటి దించి తుడిచా. కిటికీ దగ్గర ఎండ కొడుతుందని గోడ దగ్గరికి జరిపా, గోడ దగ్గర ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతున్నాయని మళ్ళీ కిటికీ దగ్గరికే తెచ్చా. టిఫిన్ అయ్యాక రాద్దాంలే, చల్లబడ్డాక రాద్దాంలే. నెలన్నరకి పదకొండు పేజీలు, అందులో ఏడు చింపేశా. చివరికి మా ఆవిడే, "ఆ రైలు టైముకే కూర్చోరాదా" అంది. ఏడున్నరకి మిద్దె మెట్ల మీద కూర్చుని ఎనిమిదిన్నరకి లేచా, వాక్యం మధ్యలోనే. రెండు పేజీలొచ్చాయి.

కాబట్టి మూడు గంటలని లెక్క పెట్టుకోవద్దు, ఒక గంట చాలు. తక్కిన రెండూ ఎట్లాగూ ఇంట్లోవాళ్ళు తీసుకుంటారు. గ్యాస్ బండ, బ్యాంకు పని, చెల్లెల్ని బస్టాండులో దించడం. ఇంట్లో కనపడే మనిషి ఖాళీగా ఉన్నట్టే మనవాళ్ళ లెక్క, దానితో కొట్లాడకు, గెలవవు. ఆఫీసు కాల్స్ మొదలవకముందే కూర్చో, ఫోను అమ్మ దగ్గర పడేయ్.

ఇంకోటి. కథ 1968లో గదా, తాత తనది ఏ జిల్లా అని చెప్పాలో తేలక రెండు రోజులు పోయాయన్నావు. నెల్లూరు జిల్లా అనే చెప్తాడు. 1970లో ఒంగోలు జిల్లా వచ్చాక కందుకూరు అందులోకి పోయింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో మళ్ళీ మిమ్మల్ని నెల్లూరులో కలిపారు. ఇల్లు కదలకుండా మీవాళ్ళు ఇన్ని జిల్లాలు తిరిగొచ్చారు, అది నవల్లో ఎక్కడో పనికొచ్చే సంగతే, కానీ దానికోసం రాయడం ఆపుతారా ఎవరైనా? తెలియని చోట సున్నా చుట్టి ముందుకు పో. పొగాకు వేలం సీను కూడా అంతే. మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలాలు మొదలైంది 1985లో, నీ కథలో తాత వేలానికి పోడు, కొనేవాడి గుమ్మం ముందు నిలబడతాడు. అది ఇంకా మంచి సీను.

పొగాకు కాల్చే గది, అదే బ్యారన్, దాని గురించి యూట్యూబులో చూస్తున్నానన్నావే, అక్కడ మాత్రం నవ్వాగలేదు. మీ నాన్న పక్క గదిలోనే ఉన్నాడు కదయ్యా! అర్ధరాత్రి లేచి, కిటికీ అద్దంలోంచి టార్చి కొట్టి థర్మామీటరు చూసి, ఇంకో రెండు కట్టెలు వేయాలా వద్దా అని కాసేపు అక్కడే నిలబడే మనిషి ఆయన. నీ హీరో మొదటి రాత్రే భగభగా మంట పెట్టాడు. ఆకు పసుపు తిరక్కముందే వేడి పెంచితే పచ్చగానే ఎండిపోతుంది, ఆ బ్యారన్ మొత్తం దండగ. ఈనె ఆరకముందే మంట తీసినా తంటానే, కుప్పగా పేర్చిన మండెలో బూజు పడుతుంది. ఇవి నాకే తెలిస్తే ఆయనకెన్ని తెలుసో చూడు. ఇప్పుడు కాల్చే రోజులే గదా, ఒక రాత్రి ఆయనతో పోయి మంచమేసుకో. నోటుబుక్కు తీయకు, తీస్తే మాట్లాడడు.

వచ్చే నెల రెండో ఆదివారం కావలి రా, మీ పిన్ని చేపల పులుసు పెడుతుంది. రాసినంతవరకు పట్టుకురా, ఎంత గజిబిజిగా ఉన్నా సరే. మొదటి అధ్యాయం మాత్రం ఇంట్లోనే వదిలేసి రా.

మీ బాబాయి