కోసిచ్చిన కాలేయం మళ్లీ మొలుస్తుందా?

ప్రశ్న: తమ్ముడికి నా కాలేయంలో కుడి భాగం ఇవ్వబోతున్నాను. కొన్ని నెలల్లో మళ్లీ పెరిగిపోతుందని డాక్టర్లు ధైర్యం చెప్పారు. కాలేయానికి అంత శక్తే ఉంటే, సిర్రోసిస్‌తో పోయిన మా నాన్నగారిది ఎందుకు పెరగలేదు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కోసిన చోట బల్లి తోకలా కొత్త ముక్క మొలవదు. కుడి భాగం ఇచ్చేశాక అది ఇక రాదు. దాంతోపాటే తీసేసే పిత్తాశయమూ అంతే. మిగిలిన ఎడమ భాగమే పెరిగి లోటు పూడుస్తుంది. దాతలకు తర్వాత తీసే స్కాన్‌లలో ఎప్పుడూ చూసేదే ఇది: పలచగా ఉండే ఎడమ భాగం బొద్దుగా గుండ్రబడి, కుడివైపు ఖాళీలోకి జరిగి ఉంటుంది. ఆకారం చెడినా పనికి ఢోకా ఉండదు.

పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చే రక్తమంతా ఇప్పుడు ఆ చిన్న భాగం మీదే పడుతుంది. ఆ ఒత్తిడికి తోడు అక్కడ కాపలా ఉండే కుఫర్ కణాలు (కాలేయంలోని రోగనిరోధక కణాలు) ఐఎల్-6 అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో ఎన్నాళ్లుగానో విభజన ఊసెత్తని కాలేయ కణాలు సిద్ధమవుతాయి. హెచ్‌జీఎఫ్ లాంటి వృద్ధి కారకాలు అందగానే రెండుగా చీలడం మొదలుపెడతాయి. నాకు ముచ్చటేసేది ఏమిటంటే, ఒకపక్క ఇలా చీలుతూనే రక్తాన్ని శుద్ధి చేసే పనీ, ప్రొటీన్లు తయారుచేసే పనీ ఆపవు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేస్తే, వారం పది రోజుల్లోనే దాదాపు పాత బరువుకు వచ్చేసింది. మనిషికి వారాలు, నెలలు పడుతుంది.

ఇక నాన్నగారి సంగతి. ఆయన కాలేయమూ పెరిగే ఉంటుంది, కాకపోతే గడ్డలు గడ్డలుగా. మీకు తగిలేది ఒక్క దెబ్బ, అదీ ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి. సిర్రోసిస్‌లో ఏళ్ల తరబడి దెబ్బ మీద దెబ్బ. అలాంటప్పుడు కాలేయంలోనే ఉండే స్టెల్లేట్ కణాలు మచ్చ కట్టించే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను పేర్చుకుంటూ పోతాయి. ఆ మచ్చల పట్టీల మధ్య ఇరుక్కుని కొత్త కణాలు ముద్దకడతాయి. రక్తం వాటికి సరిగా అందకుండానే పక్కదారి పడుతుంది.

మీ సర్జన్‌ను ఒక్కటి అడగండి: నాకు ఎంత శాతం మిగులుతుంది, అందులో కొవ్వు ఎంత ఉంది? 30 శాతం కన్నా తక్కువ మిగిలేట్టయితే నేనైతే కత్తి పట్టను.