ముసురులో గుర్రానికి కంబళి కప్పాలా?

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు రెండు గుర్రాలను పెంచుతున్నాను. ఒకటి వయసు మళ్లి, బక్కచిక్కింది. కాలం కాని కాలంలో ముసురు పట్టి, చలిగాలి వీస్తోంది. రాత్రిళ్లు కంబళి కప్పాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: రెండింటికీ ఒకే నిర్ణయం పనికిరాదు. ఒళ్లు పొడిగా ఉండి, కడుపునిండా మేత దొరికే ఆరోగ్యమైన గుర్రం సుమారు 5 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది; కడప ప్రాంతంలో రాత్రి చలి అంతవరకు పోవడం అరుదు. అసలు చిక్కు తడితోనే. నిక్కబొడుచుకున్న వెంట్రుకల మధ్య నిలిచే గాలి ఒంటి వేడిని కాపాడుతుంది. వానకు వెంట్రుకలు అతుక్కుపోతే ఆ రక్షణ పోయి, 15 డిగ్రీల వద్దే గుర్రం వణకవచ్చు.

అందువల్ల కంబళి కంటే ముందు, గాలివాన కొట్టని పాక, పొడినేల చూడండి. పటిష్ఠమైన గుర్రానికి అవి చాలు. ముసలిదానికి మాత్రం ఒళ్లు బాగా తుడిచి, ఆరాక కప్పండి. నానిన కంబళి ఏదీ కప్పకపోవడం కంటే హానికరం, గాలి ఆడని ప్లాస్టిక్ పట్ట కింద చెమట పడుతుంది. రోజూ కంబళి తీసి, మూపు దగ్గర ఒరుపు, చర్మంపై పొక్కులు ఉన్నాయేమో చూడాలి. చెవులు చల్లబడ్డాయని కంగారుపడకుండా, కంబళి కింద చెయ్యి పెట్టి చూడండి. చెమటగా ఉంటే వెంటనే తీసేయండి.

రాత్రికి దాణా పెంచడం కంటే బూజు పట్టని ఎండుగడ్డి ఎక్కువగా వేయండి, ఎందుకంటే పీచు పెద్దపేగులో పులిసేటప్పుడే ఒంట్లో వేడి పుడుతుంది. తుడిచి కప్పినా వణుకు ఆగకపోతే, మేత ముట్టకపోతే ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలిపించండి.