సోహో కలరా: జాన్ స్నో మ్యాప్ చూసే పంపును కనిపెట్టాడా?

లేదు. విక్టోరియా కాలపు లండన్‌లో, 1854లో సోహో పేటకు కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు మ్యాప్ మీద చావుల చుక్కలు చూసి, జనం నీళ్లు పట్టుకునే బ్రాడ్ స్ట్రీట్ పంపే కారణమని కనిపెట్టాడని మీరు వినే ఉంటారు. కానీ ఆ మ్యాప్ తర్వాత గీసింది. ముందు అతని చేతిలో ఉన్నది చావుల జాబితా.

ఇంగ్లండులో 1837 నుంచే మరణాలు నమోదు చేసేవారు. ఆ నమోదు ఆఫీసు నుంచి 83 మంది కలరా మృతుల వివరాలు తీసుకుని స్నో ఇళ్లకు వెళ్లాడు. 73 మంది ఆ పంపుకు దగ్గరివాళ్లే. వాళ్లలో 61 మంది ఆ నీళ్లే తాగేవారని తెలిసింది. మిగిలిన 10 మంది వేరే పంపుల దగ్గరివాళ్లు. అందులో ఐదుగురి ఇళ్లవాళ్లు కావాలని ఈ పంపు నీళ్లే తెప్పించుకునేవారు. మరో ముగ్గురు ఆ పక్కనే బడికి వెళ్లే పిల్లలు.

నేను ఆరోగ్య శాఖలో ఫీల్డు పని చేశాను. విరేచనాల కేసులు వచ్చిన ఊళ్లలో "నీళ్లు ఎక్కడివమ్మా?" అని ఇంటింటికీ తిరిగేవాళ్లం. పైవాళ్లు కేసుల లిస్టే అడిగేవారు. ఒక ఊళ్లో బోరు నీళ్లు తాగే వీధిలో ఎవరికీ రాలేదని తెలిశాకే కుళాయి లైను మీద అనుమానం వచ్చింది. అందుకే స్నో జబ్బు రానివాళ్లను కూడా వెతకడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. దగ్గర్లోని వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పని చేయించే చోట, 535 మంది పేదలుంటే ఐదుగురే పోయారు, వాళ్లకు సొంత బావి ఉంది. బీరు ఫ్యాక్టరీ పనివాళ్లలో ఒక్కరూ చనిపోలేదు, వాళ్లు ఆ పంపు జోలికే వెళ్లేవారు కాదు.

సెప్టెంబర్ 8న పంపు పిడి తీసేశారు. అప్పటికే చావులు తగ్గుముఖం పట్టాయి, ఈ మాట స్నో కూడా ఒప్పుకున్నాడు. కారణాన్ని చివరిదాకా లాగింది హెన్రీ వైట్‌హెడ్ అనే పాదిరి. పంపు నీళ్ల వల్లే కలరా వచ్చిందన్న స్నో మాట అతను మొదట నమ్మలేదు. తెలిసిన ఇళ్లే కాబట్టి మళ్లీ మళ్లీ వెళ్లి అడిగాడు. బ్రాడ్ స్ట్రీట్ 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాప విరేచనాలతో పోయిందని, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు మురుగు గుంతలో పోశారని తేల్చాడు. తవ్వి చూస్తే ఆ గుంత బావికి మూడడుగుల లోపే ఉంది.

అయితే అప్పటి లెక్కల్లో ఒక పెద్ద లోటుంది. జబ్బుపడి బతికినవాళ్లు రిజిస్టర్లో ఉండరు. కలరా, మశూచి, డిఫ్తీరియా, టైఫాయిడ్ లాంటి కేసులను డాక్టర్లు తప్పనిసరిగా తెలపాలని లండన్‌లో 1889లో చట్టం వచ్చింది. ప్రైవేటు రోగి కేసు ఒక్కోటి తెలిపినందుకు డాక్టరుకు రెండున్నర షిల్లింగులు ఇచ్చేవారు. పిల్లల్ని ఎక్కువగా బలితీసుకున్న తట్టు, కోరింత దగ్గు మాత్రం ఆ జాబితాలో పెట్టలేదు. కాబట్టి ఆ రెండింటికీ కేసుల సంఖ్య వెతికితే, చాలాచోట్ల మీకు చావుల లెక్కే దొరుకుతుంది.